వచ్చేసరికి, వెళ్ళేసరికి

మా ఆయన పోయిన ఏడు వారాలకు ఆయన పెట్టె పోయింది. ఆయన పోయింది ఆసుపత్రిలో, పెట్టె పోయింది పదకొండో నంబరు బస్సులో. రెండింటికీ మనం వాడే మాట ఒకటే. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు భాష చెబుతున్నాను గానీ, ఆ సంగతి నాకు ఆ సోమవారమే తట్టింది.

పెట్టెను బస్సులో వదిలేసింది మా ఆడపడుచు. చిన్నప్పుడు అన్న సామాన్లలోంచి ఒక నట్టు తీసి మింగి, ఇంటిల్లిపాదినీ రెండు రోజులు హడలగొట్టిందట. అప్పటినుంచి ఆమె పేరు నట్టు. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా నట్టే.

"వదినా, నన్ను కొట్టు," అంది గుమ్మంలోనే నిలబడి.

"ముందు లోపలికి రా."

"లోపలికొస్తే కొడతావా?"

"ఎందుకు కొట్టాలో చెబితే ఆలోచిస్తాను."

"పెట్టె పోయింది. బస్సులో సీటు కింద పెట్టా. దిగేటప్పుడు ఒకావిడ పిల్లాణ్ణి ఎత్తుకుని, సంచీ పట్టుకుని అవస్థ పడుతుంటే సంచీ అందుకున్నా. ఆవిడ సంచీ దింపాను, నా పెట్టె మాత్రం దింపలేదు."

నేను కొట్టలేదు. మంచినీళ్ళిచ్చాను. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది.

ఆ పెట్టె ఏమిటో చెప్పాలి. చిన్న సూట్‌కేసంత నల్లటి పెట్టె. లోపల స్పంజిలో ఒక్కో వస్తువుకు ఒక్కో గుంట: ఒక చేతి పంపు, మాస్టర్ గేజి అని పిలిచే పెద్ద ముల్లున్న గడియారం లాంటిది, రెండు సన్నని గొట్టాలు, పద్నాలుగు ఇత్తడి జాయింట్లు, ఒక తెల్ల టేపు చుట్ట. ఫ్యాక్టరీల్లో పైపుల మీద ప్రెజర్ సెన్సార్లు ఉంటాయి. లోపల ఒత్తిడి ఎంతుందో అవి చెబుతాయి. ఏడాది గడిచేసరికి కొన్ని కాస్త కాస్త తప్పు చెప్పడం మొదలుపెడతాయి. మా ఆయన ఆ పెట్టె పట్టుకుని వెళ్ళి, సెన్సారునూ తన గేజినీ ఒకే పంపుకు తగిలించి, ఒత్తిడి పెంచుతూ ఇద్దరూ ఒకటే చెబుతున్నారా లేదా అని చూసేవారు. ఒకే ప్రశ్న ఇద్దరు పిల్లల్ని అడిగినట్టు. అందులో ఒకరు క్లాసులో మొదటివాడు.

"నేను కొలిచేది పీడనం. నువ్వు పెట్టేది పీడన. ఒక్క సున్నే తేడా," అనేవారు నాతో. వ్యాకరణం రాకపోయినా వేళాకోళానికి కావలసినంత వచ్చు ఆయనకు.

నాలుగేళ్ళుగా నట్టు అన్న వెంట వెళుతోంది. పని నేర్చుకుంది. ఆయన పోయాక మిగతా చోట్లవాళ్ళు చూద్దాంలే అన్నారు. ఒక్క పాల ఫ్యాక్టరీ మాత్రం గురువారం రమ్మంది. ఇరవై నాలుగు సెన్సార్లు. ఈసారి సరిగా చేస్తే ఏడాది పని నట్టుకే. లేకపోతే వ్యానులో వచ్చే పెద్ద కంపెనీకి ఇచ్చేస్తారు. పాల ఫ్యాక్టరీ వాళ్ళు నట్టుకిస్తే మిగతావాళ్ళూ ఇస్తారు, వాళ్ళు కాదంటే అందరూ కాదంటారు. నట్టుకు ఈ పని తప్ప వేరే పని రాదు. వచ్చినా చెయ్యదు.

"ఇవాళ సోమవారం," అన్నాను. "బడికి సెలవులే. రేపు పొద్దున్నే డిపోకి వెళదాం."

"ఎవరో ఎత్తుకుపోయుంటే?"

"ఎత్తుకుపోయి ఏం చేసుకుంటారు?"

ఆమె ఆలోచించింది. "నిజమే వదినా. మాకే దాన్ని ఏం చేసుకోవాలో తెలియడానికి రెండేళ్ళు పట్టింది."

మంగళవారం డిపోలో దొరికిన సామాన్ల గది ముందు నిలబడ్డాం. గుమాస్తా ఎదురుగా లావుపాటి రిజిస్టరు, వెనకాల గొడుగుల గుట్ట.

"ఏం పోయింది?"

"పెట్టె," అంది నట్టు.

"ఎవరిది?"

"మా ఆయనది," అన్నాను నేను.

"ఆయన్ని రమ్మనండి. ఎవరి సామాను వాళ్ళే వచ్చి తీసుకోవాలి."

"ఆయన రాలేరు."

"వీలు చూసుకునే రమ్మనండి. సామాను ఎక్కడికీ పోదు."

"ఆయన పోయారండీ."

"ఎక్కడికి?" అన్నాడు గుమాస్తా రిజిస్టరులోంచి తల ఎత్తకుండా.

నట్టు గోడవైపు తిరిగింది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. తీరా చూస్తే నవ్వుతోంది. నాకూ ఆపుకోవడం కష్టమైంది. ఏడు వారాల తర్వాత అదే మొదటిసారి. గుమాస్తా మా ఇద్దరినీ చూసి, తను అడిగిందేమిటో అప్పుడు అర్థమై, లేచి నిలబడి, కుర్చీ నావైపు జరిపాడు.

"కూర్చోండమ్మా. ఏదో పరాకున... కూర్చోండి. ఏం పెట్టె?"

"నల్లది. మూత మీద ప్రెజర్ అని రాసుంటుంది."

"ఓ, బీపీ పెట్టెనా?"

మేం ఒకరినొకరు చూసుకున్నాం. లోపలి గదిలోంచి మాటలు వినబడుతున్నాయి.

"కొట్టు, ఇంకో నాలుగు కొట్టు."

"కొడుతున్నాగా. ముల్లు కదిలితేనా."

"అంటే ఏమిటి, నాకు ప్రెజరే లేదంటావా?"

వెళ్ళి చూస్తే ఒక డ్రైవరు చొక్కా చెయ్యి పైకి మడిచి బెంచీ మీద కూర్చున్నాడు. మా గొట్టం ఆయన జబ్బకు మూడు చుట్లు చుట్టి ఉంది. కండక్టరు చెమటలు కక్కుతూ పంపు కొడుతున్నాడు. వెనక ఇంకో ఇద్దరు చొక్కా చేతులు మడుచుకుని వంతు కోసం నిలబడ్డారు.

"అన్నా, అది మనుషులకి చూసేది కాదు," అంది నట్టు. "పైపులకి."

"మనిషిలో ఉన్నవీ పైపులేగా అమ్మాయ్," అన్నాడు డ్రైవరు. "డాక్టరేమో ఎక్కువ ఎక్కువ అని మూడేళ్ళుగా మాత్రలు మింగిస్తున్నాడు. ఇందులో చూస్తే సున్నా. నాకు ఇదే నచ్చింది."

"మాత్రలు మానకండి," అన్నాను.

"మీరు డాక్టరా?"

"టీచర్ని."

"అయితే మానను," అన్నాడు వెంటనే చెయ్యి దించేసుకుని.

గుమాస్తా రూలు ప్రకారం లోపల ఏముందో చెప్పమన్నాడు. నేను గుంటగుంటకూ చెప్పాను, ఆయన టిక్కు పెట్టుకున్నాడు. జాయింట్లు పదమూడే ఉన్నాయి. పద్నాలుగోది కండక్టరు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఈల బాగా వస్తోందట.

అప్పటిదాకా నవ్వుతున్న నట్టు గేజిని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది కింద పడిందా అన్నా?"

అందరూ కండక్టరు వైపు చూశారు.

"పడలేదు," అన్నాడు కండక్టరు. "దిగింది. కాస్త తొందరగా."

నట్టు గేజిని స్పంజి గుంటలో పెట్టింది. పెట్టె మూసి, గుమాస్తా రిజిస్టరులో సంతకం పెట్టి, బయటికి వచ్చాక అంది: "తొందరగా దిగిన గేజిని పట్టుకుని గురువారం ఎలా వెళతాను వదినా? సెన్సారు తప్పా, గేజి తప్పా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?"

అందుకని అక్కడినుంచి నేరుగా ల్యాబుకు వెళ్ళాం. అక్కడి పెద్దాయన మా ఆయన గేజిని పదహారేళ్ళుగా ఏడాదికోసారి సరిచూస్తున్నాడు. పెట్టెను చూసి గుర్తుపట్టాడు. నన్ను చూసి ఏమీ అనలేదు. అనకపోవడం నాకు బాగుంది.

ఆయన దగ్గరి యంత్రం తమాషాగా ఉంటుంది. నిలువు గొట్టంలో ఒక ఉక్కు కడ్డీ. దాని నెత్తిన పళ్ళేల్లాంటి బరువులు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. కింద నూనెను ఒత్తుతుంటే, ఒకచోట ఆ బరువులన్నీ లేచి తేలతాయి. పెద్దాయన వాటిని చిటికెన వేలితో తోశాడు. చప్పుడు లేకుండా గిరగిరా తిరిగాయి. అంత బరువూ గాలిలో తిరుగుతున్నట్టే ఉంది.

"సెన్సారుని గేజి చూస్తుంది, గేజిని ఈ బరువులు చూస్తాయి," అంది నట్టు నాకు పాఠం చెబుతున్నట్టు.

"మరి ఈ బరువుల్ని ఎవరు చూస్తారు?"

"వాటినీ పైకి పంపిస్తామమ్మా, ఇంకా పెద్ద ల్యాబుకి," అన్నాడు పెద్దాయన.

"ఆ పైన?"

పెద్దాయన నట్టును అడిగాడు. "మీ వదినకి సెలవులు ఎప్పటిదాకా?"

గంటసేపు చూసి, గేజి గుడ్డతో తుడిచి చేతికిచ్చాడు. ముల్లు ఎక్కడా పక్కకు పోలేదట. తేదీ వేసి చీటీ రాస్తూ, డిపో కథ విన్నాక ఒక మాట మాత్రం అన్నాడు.

"డ్రైవరు సంగతేమో గానీ, దీని బీపీ నార్మలే."

గురువారం పొద్దున ఎనిమిదింటికి పాల ఫ్యాక్టరీలో ఉన్నాం. నేనెందుకంటే, ఈ పనికి మూడు చేతులు కావాలి. ఒకటి పంపుకు, ఒకటి గాలి వదిలే మరకు, ఒకటి రాయడానికి. ఇన్నాళ్ళూ అన్న కొట్టేవాడు, చెల్లెలు రాసేది. ఇప్పుడు చెల్లెలు కొడుతుంది, వదిన రాస్తుంది.

అక్కడి ఇన్‌ఛార్జి యాభై దాటిన మనిషి. తెల్లకోటు, జుట్టు రాలి పడకుండా తల మీద వల టోపీ, టోపీ మీదికి ఎత్తిపెట్టుకున్న కళ్ళద్దాలు.

"నువ్వేనా నట్టూ? ఈవిడెవరు?"

"మా వదిన, మేడం. రాయడానికి."

ఆమె నన్ను ఒక నిమిషం చూసింది. "మీ ఆయనతో నేను పోట్లాడని రోజు లేదండీ," అంది. "ఇప్పుడు పోట్లాడ్డానికి సరైన మనిషి లేక ఇబ్బందిగా ఉంది."

"నాతో పోట్లాడండి మేడం," అంది నట్టు.

"చూద్దాం. ముందు పని చెయ్యి. కాగితాలు రేపు తీసుకురా. బాగుంటే ఏడాదంతా నీదే. బాగాలేకపోతే వ్యాను వాళ్ళొస్తారు. తర్వాత నా మీద అలగకు."

తడి నేల మీద రబ్బరు బూట్లతో నడుస్తూ ఒక్కో పైపు దగ్గరా ఆగాం. నట్టు ముందు వాల్వు మూసేది, సెన్సారు విప్పేది, జాయింటుకు తెల్ల టేపు చుట్టి తన గొట్టం బిగించేది. తర్వాత పంపు. సున్నా, రెండున్నర, ఐదు, ఏడున్నర, పది. మళ్ళీ అవే మెట్లు కిందికి. ప్రతి మెట్టు దగ్గరా గేజి అద్దాన్ని గోటితో రెండుసార్లు తట్టేది.

"ఎందుకది?"

"ముల్లు కునుకు తీస్తుంది వదినా. లేపాలి. నువ్వు చివరి బెంచీ వాళ్ళని లేపవూ?"

కాగితం మీద ప్రతి సెన్సారుకూ రెండు నిలువు గళ్ళు. ఒకటి "వచ్చేసరికి". రెండోది "వెళ్ళేసరికి". మా ఆయన పెట్టిన పేర్లు. ఫారాలు అచ్చు వేయించేటప్పుడు నేను ఒప్పుకోలేదు. సవరణకు ముందు, సవరణ తర్వాత అంటే అందరికీ అర్థమవుతుంది కదా అన్నాను. "సవరించాల్సిన అవసరం లేకపోతే? అప్పుడు ముందేమిటి, తర్వాతేమిటి? నేను వచ్చేసరికి అదెలా ఉందో రాస్తాను, నేను వెళ్ళేసరికి ఎలా ఉందో రాస్తాను. అంతే," అన్నారు. నేను పట్టుబట్టలేదు. ఆయన పని ఆయనది అనుకున్నాను. ఆ గళ్ళు అర్థం చేసుకోవాలని మాత్రం అనుకోలేదు.

మోటార్ల హోరులో నట్టు అరుస్తోంది, నేను రాస్తున్నాను.

"ఇన్నేళ్ళూ నువ్వు అందరికీ డిక్టేషన్ చెప్పావు. ఇవాళ నీకు నేను," అంది సంబరంగా. "మార్కులు కూడా వేస్తా."

తొమ్మిదో నంబరు దగ్గర ఆ సంబరం ఆగింది.

"ఐదుకి నాలుగు పాయింటు ఎనభై ఒకటి."

"ఏమిటి?"

"నాలుగు. పాయింటు. ఎనభై. ఒకటి."

"తప్పు కదా అది?"

"తప్పే. రాయి."

రాశాను. మనసు ఒప్పక రాశాను. నట్టు సెన్సారు మూత తీసి, లోపలి బొత్తాలు నొక్కి సరిచేసి, మళ్ళీ పంపు కొట్టింది. ఈసారి ఐదుకి ఐదు. రెండో గడిలో అది రాస్తుంటే నాకు ప్రాణం కుదుటపడింది. అలా ఇరవై నాలుగింటిలో ఏడింటిని సరిచేసింది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆమె చేతులు పంపు పిడిలాగే ఎర్రగా కందిపోయాయి.

"ఇప్పుడు ఫెయిర్ చెయ్యాలి," అంది బస్సులో, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని. "నా అక్షరాలు చూస్తే మేడం చదవదు. నువ్వు చేస్తావా?"

"అది నా పనే," అన్నాను.

ఇక్కడినుంచి జరిగింది నా తప్పు. ఉన్నదున్నట్టు చెబుతాను.

ఆ సాయంత్రం బల్ల మీద చిత్తు కాగితాలు పరిచి, ముందు ఎర్ర కలంతో దిద్దాను. ఇరవై రెండేళ్ళ అలవాటు. దిద్దకుండా నేను కిరాణా చీటీ కూడా చదవలేను. ఏడు సెన్సార్ల "వచ్చేసరికి" గళ్ళలో ముప్పైకి పైగా అంకెలు తప్పున్నాయి. ఆ తర్వాతి గడిలో వాటికి సరైన జవాబులున్నాయి. పిల్ల మొదట తప్పు చేసింది, తర్వాత దిద్దుకుంది. ఫెయిర్ పుస్తకంలో దిద్దుకున్నదే రాయాలి. తప్పులు అలాగే వదిలేస్తే ఆ ఇన్‌ఛార్జి చూసి నట్టుకు పని రాదనుకోదూ? అన్న లేడు, వెనకేసుకొచ్చేవాళ్ళు లేరు. కనీసం కాగితమైనా శుభ్రంగా ఉండాలి.

గుండ్రటి అక్షరాలతో ఇరవై నాలుగు కాగితాలు రాశాను. రెండు గళ్ళలోనూ అన్నీ సరైన జవాబులే. నట్టు పక్కగదిలో బట్టలు కూడా మార్చుకోకుండా నిద్రపోయింది. పొద్దున లేచి, తొందరలో కాగితాల బొత్తి సంచీలో పెట్టుకుని, "ఎంత అందంగా రాశావు వదినా" అంది. చదవలేదు. నా రాతను దిద్దేవాళ్ళు మా ఇంట్లో ఎప్పుడూ లేరు.

ఇన్‌ఛార్జి కళ్ళద్దాలు టోపీ మీదినుంచి దించుకుని మొదటి కాగితం చూసింది. రెండోది చూసింది. తొమ్మిదోది చూశాక మళ్ళీ మొదటిదానికి వెళ్ళింది.

"నట్టూ, నిన్న నువ్వు వచ్చావా?"

"మీ ఎదురుగానే ఉన్నాగా మేడం, పొద్దున్నుంచీ."

"మరి తొమ్మిదో నంబరేమిటి? వచ్చేసరికి ఐదుకి ఐదు. వెళ్ళేసరికి ఐదుకి ఐదు. దానికి ఏ రోగమూ లేకపోతే నెలరోజులుగా నేను దేనితో తంటాలు పడుతున్నట్టు?"

నట్టు వంగి కాగితం చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే నయమనిపించింది.

"ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నాను," అంది ఇన్‌ఛార్జి, కాగితాలు బల్ల మీద పెట్టి. "ఇంత అందమైన కాగితాలు రెండే రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అవి ఇంట్లో కూర్చుని రాసినవే. వ్యాను వాళ్ళకి ఫోన్ చేస్తాను. ఏమనుకోకు."

"తప్పు నాదండీ," అన్నాను.

"మీరు ఆగండి."

"ఆగలేనండీ. పని నట్టు చేసింది. రాసింది నేను. మొదటి గడిలో ఉన్నవి నట్టు తప్పులనుకున్నాను. అందుకని దిద్దాను."

ఇన్‌ఛార్జి ఫోను వైపు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సెన్సారు తప్పు చెబితే అది పిల్ల తప్పెట్లా అవుతుంది?" అంది ఇన్‌ఛార్జి నెమ్మదిగా.

"నాకు తెలిసిన కాగితాల్లో తప్పు ఎప్పుడూ రాసినవాళ్ళదే."

ఆమె కోపం ఎటు వెళ్ళాలో తెలియక ఆగిపోయినట్టుంది. ఒక తెల్లకాగితం తీసుకుని దాని మీద రెండు గొట్టాలు గీసింది.

"చూడండి టీచరుగారూ. ఇటు కాచిన పాలు. అటు పచ్చిపాలు. మధ్యలో పల్చటి రేకు. కాచిన పాల వైపు ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువుండాలి. అప్పుడు రేకుకి చిల్లు పడ్డా ఇటువి అటు పోతాయి గానీ, అటువి ఇటు రావు. తొమ్మిదో నంబరు కాచిన పాల వైపుది. అది ఉన్నదానికంటే ఎక్కువ చెబుతోందనుకోండి, మేం భద్రంగా ఉన్నామనుకుంటూ పచ్చిపాలు కలుపుతూ ఉండొచ్చు. తక్కువ చెబుతోందనుకోండి, బతికిపోయాం. ఇప్పుడు బాగుందా అన్నది నాకు రెండో ప్రశ్న. నెలరోజులుగా ఎంత తప్పు చెప్పింది, ఎటువైపు తప్పు చెప్పింది, అది నాకు మొదటి ప్రశ్న. మీరు దాన్నే దిద్దేశారు."

"తక్కువే మేడం," అంది నట్టు. "నాలుగు ఎనభై ఒకటి. నాకు గుర్తుంది."

"నీకు గుర్తుండి లాభమేమిటి? నాకు కాగితం కావాలి. నిన్న అక్కడ నిలబడి రాసిన కాగితం. ఉందా?"

నట్టు తల అడ్డంగా ఊపబోయింది. నేనవి పారేశాననే అనుకుంది. నా సంచీలో ఉన్నాయి. నేను ఏ పిల్లవాడి చిత్తు పుస్తకమూ పారెయ్యను. కానీ అవి బయటికి తీయడానికి సిగ్గేసింది. ఎందుకంటే వాటినిండా నా ఎర్రసిరా.

తీసి ఇచ్చాను.

ఇన్‌ఛార్జి తొమ్మిదో కాగితం వెలుతురుకు పట్టుకుంది. 4.81 మీద సన్నగా ఒక్క ఎర్ర గీత. పక్కన 5.00. దాని కింద నా పొడి సంతకం, తేదీ. అంచున "జాగ్రత్త" అని రాసి ఉంది. ఆమె ఒక్కో కాగితమూ తిప్పుతూ పోయింది. ఏడో ఎనిమిదో తిప్పాక పెదవి చివర కదిలింది.

"ఇలా కొట్టెయ్యడం మీకెవరు నేర్పారండీ?"

"ఎవరూ నేర్పలేదు. పూర్తిగా చెరిపేస్తే తాము ఏం రాశారో పిల్లలకి తెలియదు కదా. అందుకని ఒక్క గీతే పెడతాను. పక్కన సంతకం పెట్టకపోతే ఇంటికెళ్ళి వాళ్ళే మార్చుకుని వస్తారు."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "మా వాళ్ళకి పదేళ్ళుగా చెబుతున్నాను. అంకె మార్చాల్సొస్తే ఒక్క గీతతో కొట్టండి, కిందిది కనబడాలి, పక్కన సంతకం, తేదీ అని. ఒక్కడు వినడు. గోడకి వెల్ల వేసినట్టు తెల్లరంగు పూసేస్తారు. ఈవిడ తప్పు చేస్తూ కూడా రూలు తప్పలేదు."

"వదినా," అంది నట్టు కాగితం అంచు చూస్తూ, "జాగ్రత్త అని ఎవరికి రాశావు? తొమ్మిదో నంబరుకా?"

"నీకే."

"నాకెందుకు, నేనేం చేశాను?"

"ఇప్పుడు తెలిసింది కదా, ఊరుకో."

ఇన్‌ఛార్జి లేచి బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చింది. పోయిన ఏడాది కాగితాలు. మా ఆయన రాత. ఆయన ఏడు అంకెకు నడుము మీద అడ్డగీత పెట్టేవారు. అది నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆమె వాటిని నా చిత్తు కాగితాల పక్కన ఒక్కొక్కటిగా పెట్టింది.

"నేను ప్రతిసారీ చేసే పని ఇది," అంది. "పోయినసారి ఆయన వెళ్ళేసరికి ఎంత ఉందో, ఈసారి మీరు వచ్చేసరికి ఎంత ఉందో, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. మధ్యలో ఏడాది ఎలా గడిచిందో తెలుస్తుంది. నట్టూ, ఆయనవి నువ్వు చదువు. ఇవి నేను చదువుతాను."

వాళ్ళిద్దరూ చదివారు. నేను వింటూ కూర్చున్నాను. ఒకటో నంబరు, ఐదుకి ఐదు, ఐదుకి ఐదు. రెండో నంబరు, నాలుగు తొంభై తొమ్మిది, నాలుగు తొంభై తొమ్మిది. అలా ఇరవై నాలుగూ. ఏడు మాత్రం పక్కకు జరిగాయి. మిగతా పదిహేడూ ఆయన వదిలిన చోటే ఉన్నాయి.

నేను కిటికీ వైపు చూశాను. బయట పాల క్యాన్లు కడుగుతున్నారు. ఇన్‌ఛార్జి ఆ క్యాన్లను చూడమన్నట్టుగా నన్ను కాసేపు అలాగే వదిలేసింది. నట్టు ఫైలు కాగితాలు అంచులు కలిపి సర్దుతూ, అవసరమైనదానికంటే ఎక్కువసేపు సర్దింది.

"తొమ్మిదో నంబరు తక్కువే చెబుతోంది," అంది ఇన్‌ఛార్జి చివరికి. "బతికిపోయాం. ఈ చిత్తు కాగితాలే ఫైలులో పెడతాను. ఎర్ర గీతలు ఎందుకున్నాయో కింద రెండు ముక్కలు రాసి టీచరుగారు సంతకం పెట్టాలి. ఫెయిరు కాగితాలు మాత్రం ఇంటికి తీసుకెళ్ళండి. గోడకి తగిలించుకుంటే బాగుంటాయి."

"మరి ఏడాది పని, మేడం?" అంది నట్టు.

"నీదే. నాతో పోట్లాడ్డానికి ఇద్దరు దొరికారు, వ్యాను వాళ్ళెందుకు నాకు? ఒక్కటి. ఈ టీచరుగారు మళ్ళీ రావాలి, రాయడానికి. కానీ ఎర్ర కలం గేటు దగ్గర ఇచ్చి లోపలికి రావాలి."

"నల్లదే తెస్తాను," అన్నాను.

రెండు ముక్కలు రాయడానికి నాకు పావుగంట పట్టింది. ఏ మాట వాడాలో చాలాసేపు ఆలోచించాను. చివరికి ఇలా రాశాను: "మొదటి అంకెలే నిజం. దిద్దినవి నావి." నట్టు అది చదివి, పేపరుకి మార్కులేసినట్టు నా అరచేతి మీద వేలితో పదికి పది అని రాసింది.

బయటికి వచ్చాక నట్టు పెట్టెను భుజానికి తగిలించుకుంది. బస్సు వచ్చేదాకా ఒక్క క్షణం కింద పెట్టలేదు. బస్సులో కూడా ఒళ్ళోనే. పక్క సీటు పెద్దాయన మూత మీది అక్షరాలు చదివి, "అమ్మాయ్, నా ప్రెజర్ కాస్త చూస్తావా" అన్నాడు. నట్టు ఆయన మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలా శ్రద్ధగా అంది: "వచ్చేసరికి బాగానే ఉందండీ. వెళ్ళేసరికి ఎలా ఉంటుందో మీరే చెప్పాలి."

సోమవారం బేకరీకి వెళ్ళాలి, బుధవారం లాండ్రీకి. పాల ఫ్యాక్టరీ ఇన్‌ఛార్జి వాళ్ళతో మాట్లాడిందట. ఫారాల అడుగున "పరీక్షించినవారు" అన్నచోట ఇంకా మా ఆయన పేరే అచ్చై ఉంది. అక్కడ నట్టు పేరుతో కొత్తవి వేయించాలి. నమూనా కాగితం నా బల్ల మీదే ఉంది. ఇంకా అచ్చుకు ఇవ్వలేదు.